వైఫై కనెక్ట్ అయింది, లాగిన్ పేజీ రాలేదు: పాత లాప్‌టాప్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

"అన్నయ్యా, వైఫై కనెక్ట్ అయింది. లాగిన్ పేజీ మాత్రం రావట్లేదు."

రాత్రి పదీ ఇరవైకి గాజువాకలోని ఒక హాస్టల్ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్. వాడు డిప్లొమా ఫైనలియర్. ఒక కంపెనీ ట్రైనీ ఉద్యోగానికి ఆన్‌లైన్ టెస్ట్ పెట్టింది. లింకు 11:59కి మూసుకుపోతుంది. టెస్ట్ 45 నిమిషాలు. ఫోన్‌లో రాయనివ్వరు, కంప్యూటర్ ఉండాల్సిందే. అంటే ఎట్టి పరిస్థితుల్లో 11:14 లోపు మొదలుపెట్టాలి.

వాడి దగ్గరున్నది మా బాబాయి 2011లో కొన్న లాప్‌టాప్. విండోస్ 7. బ్యాటరీ ఎప్పుడో పోయింది, ఛార్జర్ పీకితే ఆరిపోతుంది. ఆ రోజు సాయంత్రమే ఇంటి నుంచి హాస్టల్‌కి తెచ్చుకున్నాడు. ఫోన్‌లో ఆ రోజు డేటా అయిపోయింది, గదిలో సిగ్నల్ కూడా ఒక్క గీతే. విచిత్రం ఏంటంటే, అదే హాస్టల్ వైఫైకి వాడి ఫోన్‌లో లాగిన్ పేజీ టక్కున వచ్చింది. లాప్‌టాప్‌లో మాత్రం పసుపు త్రికోణం, లోపల ఆశ్చర్యార్థకం. అంతే.

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని కదా అన్న ధీమాతో నేను వరసగా చెప్పుకుంటూ పోయాను. రీస్టార్ట్ చెయ్. నెట్‌వర్క్ తీసేసి మళ్లీ కలుపు. వైఫై డ్రైవర్ తీసేసి మళ్లీ వెయ్. పాతికనిమిషాలు పోయాయి, ఏదీ పనిచేయలేదు. పనిచేయదు కూడా. ఎందుకంటే నేను కారణం వెతకట్లేదు, నాకు తెలిసిన మందులన్నీ వేసి చూస్తున్నాను. అప్పుడు ఒక్క నిమిషం ఆగి, అసలు ఆ పేజీ ఎలా వస్తుందో మొదటి నుంచి ఆలోచించాను. ఆ తర్వాత పది నిమిషాల్లో తేలిపోయింది. ఆ పది నిమిషాల్లో చేసిన పనే ఈ ఆర్టికల్.

ఆ పేజీ ఎలా వస్తుంది?

ఇలా వచ్చే లాగిన్ పేజీని క్యాప్టివ్ పోర్టల్ అంటారు. వైజాగ్ వాళ్లకి ఇది కొత్తేం కాదు. 2016 జనవరిలో రైల్‌టెల్, గూగుల్ కలిసి ముంబై సెంట్రల్ స్టేషన్‌లో ఉచిత వైఫై మొదలుపెట్టాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో విశాఖపట్నం, విజయవాడ, కాచిగూడ స్టేషన్లకీ వచ్చింది. 2020లో గూగుల్ తప్పుకుంటున్నట్టు ప్రకటించింది, రైల్‌టెల్ మాత్రం రైల్‌వైర్ పేరుతో కొనసాగించింది. ప్లాట్‌ఫాం మీద ఫోన్ కనెక్ట్ చేస్తే మొబైల్ నంబర్ అడుగుతుంది, ఓటీపీ వస్తుంది, అది కొడితే నెట్ తెరుచుకుంటుంది. హాస్టళ్లు, లాడ్జీలు, హాస్పిటళ్లు, కాలేజీలు అన్నీ ఇదే పద్ధతి.

చాలామంది అనుకునేది ఏంటంటే, వైఫై కనెక్ట్ అవ్వగానే రూటర్ ఆ పేజీని మన కంప్యూటర్‌కి పంపిస్తుందని. కాదు. అడగకుండా మన స్క్రీన్ మీద పేజీ తెరిచే శక్తి రూటర్‌కి లేదు. జరిగేది ఇది:

మీ డివైస్ కనెక్ట్ అవ్వగానే, మీకు తెలియకుండా ఒక చిన్న ప్రశ్న బయటికి పంపుతుంది. దానికి ఏ జవాబు రావాలో డివైస్‌కి ముందే తెలుసు. సరిగ్గా ఆ జవాబే వస్తే "నెట్ ఉంది" అనుకుంటుంది. జవాబు బదులు ఇంకేదో పేజీకి దారి మళ్లిస్తే "ఓహో, ఇక్కడ లాగిన్ ఉంది" అని అర్థం చేసుకుని ఆ పేజీ మీకు చూపిస్తుంది. ఏ జవాబూ రాకపోతే "నెట్ లేదు" అని ఊరుకుంటుంది.

ఊరి మొదట్లో చెక్‌పోస్ట్ ఉందనుకోండి. మీరు బండి వేసుకుని వెళ్తేనే వాళ్లు ఆపి పేరు రాయమంటారు. ఇంట్లోనే కూర్చుంటే ఎవరూ వచ్చి పేరు అడగరు. లాగిన్ పేజీ రాలేదంటే చాలాసార్లు అర్థం ఇదే: మీ కంప్యూటర్ బండి గేటు దాకా వెళ్లలేదు.

ఎవరు ఏం అడుగుతారు?

ఆండ్రాయిడ్ గూగుల్ సర్వర్‌లో ఒక అడ్రస్‌కి వెళ్తుంది. అక్కడి నుంచి 204 అనే కోడ్ రావాలి, అంటే "అందింది, కానీ చూపించడానికి ఏమీ లేదు" అని. ఐఫోన్, మాక్ ఆపిల్ సర్వర్ నుంచి 'సక్సెస్' అనే ఒక్క మాట కోసం చూస్తాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తన సొంత పరీక్ష ఒకటి చేసుకుంటుంది.

విండోస్‌లో ఈ పని చేసే భాగం పేరు ఎన్‌సీఎస్‌ఐ. విండోస్ 7లో ఇది రెండు పనులు చేస్తుంది. ఒకటి, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి చిన్న టెక్స్ట్ ఫైల్ తెస్తుంది. అందులో 'మైక్రోసాఫ్ట్ ఎన్‌సీఎస్‌ఐ' అని మాత్రమే రాసి ఉండాలి. రెండు, మైక్రోసాఫ్ట్ పెట్టిన ఒక పేరుకి డీఎన్‌ఎస్‌లో 131.107.255.255 అనే నంబరే వస్తుందా అని చూస్తుంది. విండోస్ 10లో 1607 వెర్షన్ నుంచి ఈ అడ్రస్ మారింది, ఫైల్‌లో ఉండేది 'మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్'. పద్ధతి మాత్రం అదే.

ఇక్కడ పాత సిస్టమ్‌కి ఒక తేడా గుర్తుపెట్టుకోండి. విండోస్ 10లో లాగిన్ ఉందని తెలియగానే బ్రౌజర్ దానంతటదే తెరుచుకుంటుంది. విండోస్ 7లో అలా తెరవదు. కింద కుడివైపు గడియారం పక్కన చిన్న బెలూన్ వచ్చి "లాగిన్ వివరాలు కావాలేమో, బ్రౌజర్ తెరవడానికి క్లిక్ చేయండి" అన్నట్టు చెప్పి మాయమైపోతుంది. నోటిఫికేషన్లు ఆఫ్ చేసుకుని ఉంటే అదీ కనిపించదు. కాబట్టి విండోస్ 7లో పేజీ రాకపోవడం ఎప్పుడూ రోగమే కానక్కర్లేదు, దాని తీరే అంత.

ఒకప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు?

పదేళ్ల కింద ఈ సమస్య ఇంతగా ఉండేది కాదు. బ్రౌజర్ తెరిచి ఏ సైట్ కొట్టినా పోర్టల్ పేజీ వచ్చేసేది. కారణం, అప్పట్లో చాలా సైట్లు మామూలు హెచ్‌టీటీపీ మీద నడిచేవి. హెచ్‌టీటీపీ అంటే పోస్ట్‌కార్డు లాంటిది. మధ్యలో ఎవరైనా చదవొచ్చు, జవాబు మార్చి రాయొచ్చు. పోర్టల్ చేసేది కూడా అదే: మీరు అడిగిన సైట్ తరఫున తనే జవాబిచ్చి లాగిన్ పేజీకి మళ్లిస్తుంది.

ఇప్పుడు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్. ఇది సీలు వేసిన కవరు. మధ్యలో పోర్టల్ చెయ్యి పెడితే బ్రౌజర్ "ఇది అసలు సైట్ కాదు" అని ఆపేస్తుంది. గూగుల్, ఫేస్‌బుక్, జీమెయిల్ లాంటివి టైప్ చేస్తే బ్రౌజర్ హెచ్‌టీటీపీ వైపు చూడను కూడా చూడదు. మా తమ్ముడు పాతికనిమిషాల్లో పదిసార్లు గూగుల్ హోమ్ పేజీ రీఫ్రెష్ చేశాడు. అలా వందసార్లు చేసినా పోర్టల్ రాదు. భద్రత సరిగ్గా పనిచేస్తోంది కాబట్టే రాదు.

సరే, ఇప్పుడు వరసగా చూద్దాం. ఈ వరస మార్చకండి, ప్రతి మెట్టూ ముందు మెట్టు మీద నిలబడి ఉంటుంది.

1. ముందు గడియారం చూడండి

ఐదు సెకన్ల పని. స్క్రీన్ మూల తేదీ, ఏడాది సరిగ్గా ఉన్నాయా? ఎందుకో ఐదో మెట్టులో చెప్తాను. ఆ రాత్రి నేను దీన్ని మొదట అడగలేదు, చివర్లో అడిగాను. మీరు ఆ తప్పు చేయకండి.

2. ఐపీ అడ్రస్ వచ్చిందా?

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి. 'సీఎమ్‌డీ' అని కొడితే నల్ల విండో వస్తుంది. అందులో 'ఐపీకాన్ఫిగ్', ఒక ఖాళీ, స్లాష్, 'ఆల్' అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. వైఫై అడాప్టర్ కింద మూడు లైన్లు చూడాలి: ఐపీవీ4 అడ్రస్, డీఫాల్ట్ గేట్‌వే, డీఎన్‌ఎస్ సర్వర్స్.

ఐపీ 169.254తో మొదలైతే రూటర్ మీకు అడ్రస్ ఇవ్వలేదని అర్థం. కంప్యూటర్ తనకి తానే ఒక తాత్కాలిక నంబర్ పెట్టుకుంది. అప్పుడు లాగిన్ పేజీ గురించి ఆలోచించడం దండగ, సమస్య ఇంకా కిందే ఉంది. వైఫై ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఎవరైనా ఐపీని చేత్తో ఫిక్స్ చేసి పెట్టారేమో చూడండి. రూటర్‌కి దగ్గరగా వెళ్లి చూడండి.

అసలు నెట్‌వర్క్ పేరే కనిపించకపోతే అది వేరే కథ. 2011 నాటి చాలా లాప్‌టాప్‌ల వైఫై కార్డులకి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు. 5 గిగాహెర్ట్జ్‌లో ఉన్న వైఫై వాటికి కనపడనే కనపడదు.

మా వాడిది 10తో మొదలైన మామూలు అడ్రసే. గేట్‌వే కూడా ఉంది. ఈ మెట్టు పాస్.

3. పేరు లేకుండా, నంబర్‌తో అడగండి

బ్రౌజర్ అడ్రస్ బార్‌లో ముందు హెచ్‌టీటీపీ అని ఉంచి (చివర ఎస్ లేకుండా), కోలన్, రెండు స్లాష్‌లు, తర్వాత 1.1.1.1 అని కొట్టండి. ఇది క్లౌడ్‌ఫ్లేర్ డీఎన్‌ఎస్ సర్వీస్ నంబర్. మనకి అక్కడ పనేం లేదు. ఇది పేరు కాదు, నంబర్. కాబట్టి డీఎన్‌ఎస్‌తో పనిలేకుండా ప్రశ్న నేరుగా గేటు దాకా వెళ్తుంది.

మా తమ్ముడు కొట్టాడు.

"ఏమొచ్చింది?"

"సైట్ దొరకలేదంటోంది అన్నయ్యా. కానీ పైన అడ్రస్ మారిపోయింది. హాస్టల్ వైఫై పేరుతో ఏదో వచ్చింది."

ఆ రాత్రి మాకు దొరికిన మొదటి ఆధారం ఇదే. అడ్రస్ మారిందంటే గేటు దగ్గర పోర్టల్ ఆపింది, తన పేజీకి మళ్లించింది. అంటే వైఫై బాగుంది, రూటర్ బాగుంది, పోర్టల్ బాగుంది. కానీ ఆ పోర్టల్ పేరు ఏ నంబర్ దగ్గర ఉందో మా లాప్‌టాప్‌కి తెలియట్లేదు. పేరుని నంబర్‌గా మార్చేది డీఎన్‌ఎస్. తప్పు అక్కడుంది.

(ఇక్కడ అడ్రస్ మారకపోతే, ఐపీకాన్ఫిగ్‌లో చూసిన గేట్‌వే నంబర్ కూడా ఇలాగే కొట్టి చూడండి. కొన్ని చోట్ల లాగిన్ పేజీ నేరుగా అక్కడే ఉంటుంది.)

4. డీఎన్‌ఎస్ ఎవరు పెట్టారు?

ఐపీకాన్ఫిగ్‌లో మూడో లైన్ చదవమన్నాను. "8.8.8.8" అన్నాడు.

నా నోట మాట రాలేదు. అది గూగుల్ డీఎన్‌ఎస్. హాస్టల్ రూటర్ ఇచ్చింది కాదు. రెండేళ్ల కింద మా బాబాయి వాళ్లింట్లో సైట్లు నెమ్మదిగా తెరుచుకుంటున్నాయంటే ఆ నంబర్ చేత్తో పెట్టింది నేనే. పెట్టి మర్చిపోయాను. ఇంట్లో లాగిన్ పేజీ లేదు కాబట్టి ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు.

లాగిన్ కాకముందు చాలా పోర్టళ్లు బయటి డీఎన్‌ఎస్‌ని బ్లాక్ చేస్తాయి. డీఎన్‌ఎస్ ముసుగులో డేటా పంపి ఉచితంగా నెట్ వాడేసే ట్రిక్కులు ఉన్నాయి కాబట్టి ఆ జాగ్రత్త. పైగా పోర్టల్ పేరు లోపలి రూటర్‌కే తెలిసినదైతే, గూగుల్‌ని అడిగినా ప్రయోజనం లేదు. ఎన్‌సీఎస్‌ఐ పరీక్ష కూడా ఇక్కడే ఆగిపోయింది: మైక్రోసాఫ్ట్ పేరుకి నంబర్ దొరకలేదు, ప్రశ్న గేటు దాకా వెళ్లలేదు, బెలూన్ రాలేదు.

సరిచేసే దారి: కంట్రోల్ ప్యానెల్, నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్, ఎడమవైపు చేంజ్ అడాప్టర్ సెట్టింగ్స్. వైఫై మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్. ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 మీద డబుల్ క్లిక్. కింద డీఎన్‌ఎస్ దగ్గర 'ఆబ్టెయిన్ ఆటోమేటికల్లీ' ఎంచుకుని ఓకే. తర్వాత నల్ల విండోలో 'ఐపీకాన్ఫిగ్', ఖాళీ, స్లాష్, 'ఫ్లష్‌డీఎన్‌ఎస్' కొట్టండి. పాత జవాబులు తుడిచిపెట్టుకుపోతాయి.

ఇప్పుడు పేరుతో పరీక్షించాలి. దీనికోసమే ఒక సైట్ ఉంది: నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్. ఇంగ్లీషులో 'నెవర్', దాని పక్కనే ఖాళీ లేకుండా ఎస్ ఎస్ ఎల్. ఇది ఎప్పుడూ హెచ్‌టీటీపీఎస్‌కి మారదు, పోర్టల్ ఆపడానికి వీలుగా పోస్ట్‌కార్డులాగే ఉంటుంది. బుక్‌మార్క్ చేసి పెట్టుకోండి.

ఫోన్ వాడేవాళ్లకి కూడా ఇదే మెట్టులో పనుంది. ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ చేత్తో ఏదైనా పేరు పెట్టి ఉంచినా, వీపీఎన్ ఎప్పుడూ ఆన్‌లో ఉన్నా, బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్‌ఎస్ గట్టిగా బిగించినా ఇలాగే ఇరుక్కుంటారు. లాగిన్ అయ్యేదాకా ఆఫ్ చేసి, అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోండి. కంప్యూటర్‌లో పాత ప్రాక్సీ సెట్టింగ్ మిగిలిపోయినా ఇదే లక్షణం.

5. సర్టిఫికెట్ గోల, అసలు కారణం గడియారం

డీఎన్‌ఎస్ మార్చాక మా వాడికి ఈసారి పేజీ వచ్చింది. లాగిన్ పేజీ కాదు, క్రోమ్ ఇచ్చే ఎర్రటి హెచ్చరిక. "మీ గడియారం వెనకబడి ఉంది" అని.

"కింద తేదీ ఎంతుంది రా?"

"జనవరి 1, 2011."

బోర్డు మీద ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోయింది. పెద్ద బ్యాటరీ కూడా లేదు కదా, ఇంట్లో ఛార్జర్ పీకగానే గడియారం పుట్టిన రోజుకి వెళ్లిపోయింది. ఇన్నాళ్లూ ఇంట్లో ఛార్జర్‌కే పెట్టి ఉంచేవాళ్లు.

చాలా పోర్టళ్ల లాగిన్ పేజీ ఇప్పుడు హెచ్‌టీటీపీఎస్‌లోనే ఉంటుంది. దాని సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువు ఉంటుంది. 2011లో ఉన్న కంప్యూటర్‌కి ఇప్పటి సర్టిఫికెట్ ఇంకా పుట్టనిది. అందుకే నమ్మదు.

ఇంకో మెలిక ఉంది. నెట్ ఉంటే విండోస్ టైమ్ సర్వర్‌ని అడిగి గడియారం సరిచేసుకోగలదు. కానీ నెట్ రావాలంటే లాగిన్ కావాలి, లాగిన్ కావాలంటే గడియారం సరిగ్గా ఉండాలి. ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆగిపోతారు. కాబట్టి చేత్తోనే పెట్టాలి: గడియారం మీద క్లిక్, చేంజ్ డేట్ అండ్ టైమ్ సెట్టింగ్స్. టైమ్ జోన్ భారత కాలమానానికి ఉందో లేదో కూడా చూడండి.

తేదీ మార్చి రీఫ్రెష్ కొట్టగానే లాగిన్ పేజీ వచ్చింది. ఫోన్‌లో టైమ్ చూసుకున్నాను, 10:58.

తేదీ సరిగ్గా ఉన్నా సర్టిఫికెట్ లోపం వస్తుంటే, పాత సిస్టమ్‌లో ఇంకో కారణం ఉండొచ్చు. సర్టిఫికెట్లని నమ్మడానికి కంప్యూటర్‌లో కొన్ని మూల సర్టిఫికెట్ల జాబితా ఉంటుంది. వాటికీ గడువు ఉంటుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లకి ఆసరాగా ఉన్న ఒక పాత మూల సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబర్ 30న ముగిసినప్పుడు, అప్‌డేట్ లేని ఎన్నో పాత పరికరాల్లో ఒక్కసారిగా సైట్లు తెరుచుకోవడం మానేశాయి. విండోస్ కొత్త మూల సర్టిఫికెట్లని అవసరమైనప్పుడు నెట్ నుంచే తెచ్చుకుంటుంది. లాగిన్ కాకముందు ఆ నెట్ ఎక్కడిది? మళ్లీ అదే చిక్కుముడి.

దీనికి తేలిక మార్గం, ఫైర్‌ఫాక్స్ వేసి ఉంచుకోవడం. అది విండోస్ జాబితా మీద ఆధారపడకుండా తన సొంత జాబితా తెచ్చుకుంటుంది. విండోస్ 7కి వచ్చిన చివరి క్రోమ్ 109. ఫైర్‌ఫాక్స్‌లో 115 ఈఎస్‌ఆర్ దాకా నడుస్తుంది. నెట్ ఉన్నప్పుడే ఇన్‌స్టాల్ చేసి పెట్టుకోండి. అవసరం పడ్డ రాత్రి డౌన్‌లోడ్ చేయడానికి నెట్ ఉండదు.

6. ఇంకా బెలూన్ రాకపోతే

పై ఐదూ బాగుండి, నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో లాగిన్ అవుతున్నా విండోస్ మాత్రం తనంతట తాను చెప్పట్లేదంటే, ఎన్‌సీఎస్‌ఐ పరీక్షే ఆఫ్ అయి ఉండొచ్చు. విండోస్‌ని తేలిక చేస్తామని చెప్పే ట్వీకింగ్ టూల్స్ కొన్ని దీన్ని ఆపేస్తాయి. రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కేఎల్‌ఎమ్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, సర్వీసెస్, ఎన్ఎల్ఏఎస్‌వీసీ, పారామీటర్స్, ఇంటర్నెట్ దాకా వెళ్లి 'ఎనేబుల్ యాక్టివ్ ప్రోబింగ్' విలువ 1 ఉందేమో చూడండి. 0 ఉంటే 1 చేసి రీస్టార్ట్ చేయండి. రిజిస్ట్రీ ముట్టుకునే ముందు బ్యాకప్ తీసుకోండి. భయమైతే ఇది వదిలేయండి, బుక్‌మార్క్‌తో పని జరుగుతుంది.

పాత లాప్‌టాప్‌లో తేలికపాటి లినక్స్ వేసుకున్నవాళ్లకి: చాలా చిన్న డెస్క్‌టాప్‌లలో లాగిన్ పేజీని పైకి తెచ్చే ఏర్పాటే ఉండదు. నెట్‌వర్క్ మేనేజర్ ఉంటే టెర్మినల్‌లో 'ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐ నెట్‌వర్కింగ్ కనెక్టివిటీ చెక్' అని అడగండి. 'పోర్టల్' అని జవాబొస్తే లాగిన్ మీకోసం ఎదురుచూస్తోందని అర్థం. బ్రౌజర్‌లో నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ కొట్టండి.

ఏదీ కాకపోతే ప్లాన్ బీ

ఫోన్‌లో వైఫై లాగిన్ అయింది కదా, ఆ ఫోన్‌నే కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపి సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు మొబైల్ డేటానే కాదు, వైఫైని కూడా ఇలా పంచుతాయి. విండోస్ 7లో డ్రైవర్ దొరక్క మొండికేయొచ్చు, కానీ ప్రయత్నించాల్సిందే. నిజం చెప్పాలంటే ఆ రాత్రి ఇది నాకు గుర్తే రాలేదు. గడియారం వైపు చూస్తూ ఆలోచిస్తే తెలిసినవి కూడా తట్టవు. అందుకే ఇలా రాసి పెడుతున్నాను.

ఇవి మాత్రం చేయకండి

తేదీ సరిగ్గా ఉన్నా సర్టిఫికెట్ హెచ్చరిక వస్తుంటే, "పర్లేదు, ముందుకెళ్లు" నొక్కి పాస్‌వర్డులు కొట్టకండి. స్టేషన్‌లోనో ఎయిర్‌పోర్ట్‌లోనో అదే పేరుతో ఎవరైనా దొంగ వైఫై పెట్టొచ్చు, పేరు కాపీ కొట్టడం చాలా తేలిక. ఉచిత వైఫై పేజీకి మీ మొబైల్ నంబర్, ఓటీపీ చాలు. జీమెయిల్ పాస్‌వర్డ్ కొట్టమన్నా, ఉచితం అంటూనే కార్డ్ నంబర్ అడిగినా డిస్‌కనెక్ట్ అయిపోండి.

పేజీ రావట్లేదని యాంటీవైరస్, ఫైర్‌వాల్ పూర్తిగా ఆపేయకండి. విండోస్ 7కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. అలాంటి సిస్టమ్‌ని పబ్లిక్ వైఫైలో కవచం కూడా తీసేసి కూర్చోబెట్టకూడదు. కనెక్ట్ అయినప్పుడు హోమ్, వర్క్, పబ్లిక్ అని అడిగితే పబ్లిక్ ఎంచుకోండి. బ్యాంకు పనులు ఆ లాప్‌టాప్‌లో వద్దే వద్దు.

ముందు ముందు ఈ బాధ ఉంటుందా?

ఈ దొడ్డిదారి పరీక్షల బదులు, రూటరే "ఇక్కడ లాగిన్ ఉంది, అడ్రస్ ఇది" అని ఐపీ ఇచ్చేటప్పుడే చెప్పే పద్ధతి 2020 సెప్టెంబర్‌లో ఆర్‌ఎఫ్‌సీ 8910గా వచ్చింది. ఆండ్రాయిడ్ 11, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లకి ఇది అర్థమవుతుంది. కానీ రూటర్ కూడా చెప్పాలి కదా. విండోస్ 7 లాంటి పాతవాటికి ఈ మాట ఎప్పటికీ వినపడదు. కాబట్టి పాత మెషీన్ వాడినంతకాలం పైన చెప్పిన వరసే దిక్కు: గడియారం, ఐపీ, నంబర్‌తో ప్రశ్న, డీఎన్‌ఎస్, సర్టిఫికెట్, చివరగా విండోస్ సెట్టింగ్.

మా తమ్ముడు 11:05కి టెస్ట్ మొదలుపెట్టి 11:50కి పూర్తి చేశాడు. తర్వాతి రౌండ్‌కి పిలిచారు, అక్కడ పోయింది. "పోతే పోయింది అన్నయ్యా, రాయకుండా పోలేదు కదా" అన్నాడు. ఆ మాట విన్నాక 8.8.8.8 గురించి వాడికి చెప్పేశాను. కాసేపు నవ్వి, "అయితే బ్యాటరీ నువ్వే కొనిపెట్టు" అన్నాడు.

ఆదివారం వెనక మూత విప్పి చూస్తే నాణెం ఆకారంలో ఉండే సీఆర్2032 బ్యాటరీయే, దానికి వైర్లు తగిలించి ఉన్నాయి. కొన్ని లాప్‌టాప్‌లలో ఇలా వైర్లతో ఉంటుంది, కొన్నిట్లో నేరుగా గూట్లో కూర్చుంటుంది. మీది ఏదో చూసుకుని కొనండి. మార్చాక ఛార్జర్ పీకి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే ఆన్ చేశాం. తేదీ సరిగ్గానే ఉంది.

మీ ఇంట్లో మూలన పడున్న పాత లాప్‌టాప్‌ని చెల్లికో తమ్ముడికో ఇచ్చి హాస్టల్‌కి పంపేముందు ఈ మూడు పనులు చేసి పంపండి: చిన్న బ్యాటరీ మార్చడం, డీఎన్‌ఎస్ ఆటోమేటిక్‌లో పెట్టడం, ఫైర్‌ఫాక్స్ వేసి నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ బుక్‌మార్క్ చేయడం. అరగంట పని. రాత్రి పదీ ఇరవైకి ఫోన్ రాకుండా ఉంటుంది.